రొమ్ము క్యాన్సర్ దాటినవాళ్లు, వాళ్లను చూసుకున్నవాళ్లు: మీ ఇంట్లో ఎవరు ఏం చేశారు?

రెండో ఏడాది | సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నాకు 43 ఏళ్లు. ఎడమ రొమ్ములో గడ్డ, రెండో దశ, హార్మోన్ పాజిటివ్ (ఒంట్లోని హార్మోన్ల వల్ల పెరిగే రకం). ఆపరేషన్, ఎనిమిది కీమోలు, రేడియేషన్ అన్నీ అయ్యి పద్నాలుగు నెలలైంది. ఇప్పుడు ఆ హార్మోన్‌ను అడ్డుకోవడానికి రోజూ ఒక టామాక్సిఫెన్ మాత్ర.

మందుల గురించి, రిపోర్టుల గురించి ఇక్కడ చాలా చర్చలున్నాయి. నేను అడగాలనుకున్నది వేరే. "మావాళ్లు చాలా సపోర్ట్ చేశారు" అని అందరం అంటాం. ఆ సపోర్ట్ అంటే ఏ రోజు, ఏ పని, ఎవరు చేశారు అన్నది మాత్రం ఎవరూ రాయరు. కొత్తగా రిపోర్టు చేతికొచ్చిన ఇంటికి తెలియాల్సింది అదే.

ముందు నా సంగతి చెప్తాను. ఆపరేషన్ తర్వాత చంక కింద నుంచి రెండు డ్రెయిన్ గొట్టాలు, వాటి చివర బల్బులు. అందులో చేరిన ద్రవాన్ని రోజుకి రెండుసార్లు తీసి, కొలిచి రాసుకోవాలి. మా ఆయనకి రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. పిల్లలకి మోకాలు దోక్కుపోయినా నేనే కట్టు కట్టాలి. మొదటి రోజు నర్సు చూపిస్తుంటే గోడ పట్టుకుని నిలబడ్డారు. మూడో రోజుకి తనే చేతులు కడుక్కుని వచ్చి, గొట్టాన్ని పైనుంచి కిందికి వేళ్లతో నెమ్మదిగా నొక్కి, బల్బు మూత తీసి, కొలత కప్పులోకి వంచి, కిటికీ దగ్గర వెలుతుర్లో కళ్ల ఎత్తుకి పట్టుకుని చూసేవారు. 90, 75, 60, 40. తేదీ, పూట, రంగు నోటుబుక్కులో రాసేవారు. వరసగా రెండు రోజులు 30 మి.లీ. కంటే తక్కువ వచ్చాక డ్రెయిన్ తీసేశారు. ఆ పుస్తకం నా దగ్గరే దాచుకున్నాను. అందులో అంకెలు తప్ప ఇంకేమీ లేదు. ఏ పేజీ తీసినా ఆ కిటికీ దగ్గర ఆయన నిలబడ్డ తీరే గుర్తొస్తుంది.

ఇంక మా అక్క. మొదటి కీమో అయిన పదిహేడో రోజు పొద్దున దిండు మీద గుప్పెడు జుట్టు. అక్కకి ఫోన్ చేశాను. ఏమీ అడగలేదు, ట్రిమ్మర్ తీసుకుని వచ్చేసింది. నా వెనక కూర్చుని తీస్తూ తీస్తూ మధ్యలో ఒక్కసారి ఆగింది. ఎందుకాగావే అన్నాను. "చెయ్యి చెమట పట్టింది" అంది. ఆమె ఏడుస్తోందని నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకీ తెలుసు. అయినా పని పూర్తి చేసి, మెడ మీద వెంట్రుకలు తడిగుడ్డతో తుడిచి, తువ్వాలు దులిపి అప్పుడు లేచింది.

మీ ఇళ్లలో ఏం జరిగిందో రాయండి.


పెద్దకూతురు | సోమవారం, రాత్రి 10:02

మీరు రాసింది రెండుసార్లు చదివానక్కా. నేను అమ్మను చూసుకున్నదాన్ని. అమ్మకి 61.

మా ఇంట్లో ఫైలు నా పని, తోడు వెళ్లడం తమ్ముడి పని, రాత్రి పడుకోవడం నాన్న పని. ఎవరూ కూర్చుని పంచుకోలేదు, అలా కుదిరింది. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ప్రశ్నలన్నీ కాగితం మీద రాసేదాన్ని. గదిలోకి వెళ్తే అమ్మ అన్నిటికీ "బానే ఉందమ్మా" అనేది. నాలుగు రోజులుగా వాంతులు, రెండు రాత్రులుగా నిద్ర లేదు, అయినా అదే మాట! కాగితం చూసి నేను చదవకపోతే డాక్టరుకి ఏమీ తెలిసేది కాదు.

ఒక తప్పు కూడా చేశాం. బయాప్సీ రిపోర్టు వచ్చాక మూడు వారాలు అమ్మకి జబ్బు పేరు చెప్పలేదు. "చిన్న గడ్డ, తీసేస్తారు" అన్నాం. కీమో గది బయట బోర్డు చదువుకుని అమ్మే అర్థం చేసుకుంది. కోప్పడలేదు. ఇంటికొచ్చాక "నా ఒంటి సంగతి నాకంటే ముందు మీ అందరికీ తెలుసన్నమాట" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.


నెమ్మదిగా | సోమవారం, రాత్రి 10:31

పెద్దకూతురు గారూ, మీ బాధ అర్థమైంది కానీ ప్రతి ఇంటికీ ఒకటే పద్ధతి కుదరదండి. మా అత్తగారికి 79. మతిమరుపు ఉంది. చెప్తే ప్రతిరోజూ కొత్తగా విన్నట్టు భయపడుతుంది. మేము చెప్పలేదు, ఇప్పటికీ తప్పనిపించట్లేదు.


పెద్దకూతురు | సోమవారం, రాత్రి 10:40

మీ పరిస్థితి వేరండి, నిజమే. మా అమ్మకి మాత్రం బుర్ర పాదరసం. అందుకే తప్పు చేశామంటున్నాను.


వార్డులో ఇరవయ్యేళ్లు | మంగళవారం, ఉదయం 6:15

నేను క్యాన్సర్ వార్డు నర్సుని. రాత్రి డ్యూటీ దిగి ఇప్పుడే చదివాను. చూసుకునేవాళ్ల కోసం రెండు మూడు విషయాలు చెప్పాలి. ఇంట్లో తెలియక పోగొట్టుకునేది ఇక్కడే.

జ్వరం అన్నిటికంటే ముఖ్యం. కీమో ఇచ్చాక సుమారు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు లోపల తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో థర్మామీటర్ మంచం పక్కనే ఉండాలి. ఫారెన్‌హీట్‌లో 100.4, అంటే సెల్సియస్‌లో 38 వచ్చిందంటే అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి ఫోన్ చెయ్యాలి. "ముందు పారాసెటమాల్ వేసి తెల్లారాక చూద్దాం" అనుకోవద్దు. మాత్రతో జ్వరం తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల ఇన్ఫెక్షన్ పెరుగుతూనే ఉంటుంది. తెల్లకణాలు లేని ఒంట్లో అది గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. ఎవరికి ఫోన్ చెయ్యాలో మొదటి కీమో రోజే అడిగి, నంబరు గోడకి అంటించండి.

ఎర్ర రంగు కీమో మందు ఎక్కించిన రోజు మూత్రం ఎర్రగా వస్తుంది. అది డాక్సోరూబిసిన్ అనే ఆ మందు రంగు, రక్తం కాదు. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. కీమో తర్వాత రెండు రోజులు వాంతులు, మూత్రం శుభ్రం చేసేవాళ్లు చేతికి గ్లవ్స్ వేసుకోవాలి. అంతేగానీ ఆమెను ముట్టుకోవడానికి, పక్కన కూర్చోవడానికి ఎవరూ భయపడక్కర్లేదు. క్యాన్సర్ అంటుకోదు. ఇన్నేళ్లలో నేను చూసిన చెడ్డ సంగతుల్లో ఒకటి, పిల్లల్ని అమ్మ దగ్గరికి పోనివ్వకపోవడం.

వాంతుల మాత్ర ఆండాన్‌సెట్రాన్ వల్ల చాలామందికి మలబద్ధకం వస్తుంది. సిగ్గుపడి చెప్పరు. మీరే అడగండి.


ఒంటరిగా నడిచాను | మంగళవారం, ఉదయం 11:20

ఈ చర్చ చదువుతుంటే కొంచెం బాధేసింది. ఎవరినీ తప్పుపట్టడం లేదు. నాకు రిపోర్టు వచ్చిన ఐదో నెలలో మా ఆయన వెళ్లిపోయారు. అమ్మానాన్న లేరు. అన్నయ్య మొదటి నెల డబ్బు పంపి, తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు.

నాకు తోడున్నది నాతో పనిచేసే ఒక అమ్మాయి, కీమో గదిలో పక్క కుర్చీలో కూర్చునే ఒక పెద్దావిడ. ఆ అమ్మాయి మొదట్లో అందరిలాగే "ఏమైనా కావాలంటే చెప్పండి" అనేది. నేనేం చెప్తాను? అడగడానికి నోరు రాదు. ఒకరోజు తనే అంది: "ప్రతి కీమో రోజూ నేనే తీసుకెళ్తాను, నేనే తీసుకొస్తాను. మీరు వద్దన్నా కింద నిలబడి ఉంటాను." పదహారు సార్లు వచ్చింది. ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు.

పెద్దావిడకి నా కంటే రెండు కీమోలు ముందు అయ్యేవి. నాకు రాబోయేది ఆమెకి ముందే వచ్చేది. నోట్లో పుండ్లకి గోరువెచ్చటి నీళ్లలో ఉప్పు, వంటసోడా కలిపి పుక్కిలించమని చెప్పింది. నోరంతా ఇనుప రుచి అంటే ప్లాస్టిక్ చెంచాతో తినమంది. అరికాళ్లు మొద్దుబారితే ఇంట్లో కూడా చెప్పులు వేసుకో, ఏం గుచ్చుకున్నా తెలియదు, డాక్టరుకి కూడా చెప్పు, మోతాదు మారుస్తారు అంది. నా ఇల్లు వాళ్లిద్దరే.


రెండో ఏడాది | మంగళవారం, మధ్యాహ్నం 12:05

ఒంటరిగా నడిచాను గారూ, క్షమించండి. "మీ ఇంట్లో" అని ప్రశ్న పెట్టేటప్పుడు నాకు ఇది తట్టలేదు. "కింద నిలబడి ఉంటాను" అన్న మాట గుర్తుపెట్టుకుంటాను.


మగవాణ్ణే | మంగళవారం, మధ్యాహ్నం 3:44

ఈ ఫోరంలో రాయొచ్చో లేదో తెలియక వారం నుంచి చదువుతూనే ఉన్నాను. నేను మగవాణ్ణి, 58 ఏళ్లు, నాకు వచ్చింది రొమ్ము క్యాన్సరే. వందమందిలో ఒక్కరి కంటే తక్కువే మగవాళ్లు అని డాక్టరు చెప్పారు. చనుమొన లోపలికి పోయి, వెనక గట్టిగా తగిలేది. ఏడాది పాటు పట్టించుకోలేదు. చూసింది నా భార్య. "ఇది మామూలుది కాదు, పదండి" అని తనే చీటీ రాయించింది.

మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) గది బయట కుర్చీల్లో అందరూ ఆడవాళ్లే. పేరు పిలిచినప్పుడు పేషెంట్ మా ఆవిడే అనుకుని అక్కడి అమ్మాయి ఆమెను లోపలికి రమ్మంది. నేను తలెత్తలేకపోయాను. మా ఆవిడ మాత్రం మామూలు గొంతుతో "పేషెంట్ ఆయనండీ, నేను తోడొచ్చాను" అంది. ఆమె అంత మామూలుగా అన్నాక, మిగతా నెలలన్నీ నేనూ మామూలుగానే వెళ్లగలిగాను.

తర్వాత జన్యు పరీక్షలో బీఆర్‌సీఏ2 అనే జన్యువులో మార్పు బయటపడింది, అది పిల్లలకీ రావచ్చు. నా ఇద్దరు కూతుళ్లకీ చెరి సగం అవకాశం. పెద్దమ్మాయి పరీక్ష చేయించుకుంది, రాలేదు. చిన్నది ఇంకా ఆలోచిస్తోంది. నేను తొందరపెట్టడం లేదు.


ఐదేళ్లయింది | మంగళవారం, రాత్రి 8:30

ఆదరణ ఒక్కోసారి ఒత్తిడి కూడా అవుతుంది, అదీ రాయాలి. నాది చిన్న గడ్డ. గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇస్తే సరిపోతుందన్నారు. మా ఇంట్లో గొడవ. అమ్మ, పెద్దమ్మ, ఆడపడుచు అందరిదీ ఒకటే మాట: "మొత్తం తీయించేసుకో, పీడా పోతుంది." ప్రేమతోనే అన్నారు. కానీ రొమ్ము నాది కదా!

సర్జన్ గారు అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబెర్టో వెరొనేసి ఆడవాళ్లను రెండు రకాలుగానూ ఆపరేషన్ చేసి ఇరవయ్యేళ్లు గమనించారట. 2002లో ఆ ఫలితాలు వచ్చాయి. తొలిదశలో గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చినవాళ్లూ, మొత్తం తీసేసినవాళ్లూ బతకడంలో తేడా లేదు. అందరికీ ఇది కుదరదు, గడ్డ సైజు, ఎన్నిచోట్ల ఉంది అన్నది చూడాలి అని కూడా ఆయనే అన్నారు. అమ్మ బయటికొచ్చి "నీ ఇష్టమే" అంది. ఆ రెండు మాటలూ అనడానికి ఆమెకి ఎంత కష్టమైందో నాకు తెలుసు.

ఇంకోటి, చంకలో గ్రంథులు తీసినవాళ్లు ఆ చెయ్యి గమనించుకోండి. నాకు మూడో ఏట ఉంగరం బిగుతైంది, చెయ్యి బరువెక్కింది. లింఫెడీమా, అంటే గ్రంథులు తీశాక చేతిలో ద్రవం చేరి వచ్చే వాపు. త్వరగా పట్టుకున్నాం కాబట్టి ఫిజియో దగ్గర మసాజ్, బిగుతు స్లీవ్‌తో అదుపులో ఉంది. రాత్రి చెయ్యికి కట్టు చుట్టేది మా పదకొండేళ్ల అబ్బాయి. చుట్టు చుట్టుకీ "టైటా అమ్మా?" అని అడుగుతాడు.


వెలుగుబాట | మంగళవారం, రాత్రి 9:55

అందరూ ధైర్యవంతులే. నా అనుభవంలో చెప్పేది ఒకటే, మనసు పాజిటివ్‌గా ఉంచుకుంటే సగం జబ్బు పోతుంది. ఏడవకూడదు, ఏడిస్తే జబ్బు ముదురుతుంది.


రెండో ఏడాది | మంగళవారం, రాత్రి 10:10

మీరు మంచి మనసుతో అన్నారని తెలుసండి. కానీ ఈ మాట నన్ను చాలా కష్టపెట్టింది. నాలుగో కీమో తర్వాత బాత్రూంలో కొళాయి తిప్పి ఏడ్చేదాన్ని, ఎవరికీ వినపడకుండా. ఏడ్చాక ఇంకో భయం, ఇప్పుడు నేనే జబ్బు పెంచుకున్నానేమో అని.


వార్డులో ఇరవయ్యేళ్లు | బుధవారం, ఉదయం 6:40

ఏడిస్తే గడ్డ పెరుగుతుందనడానికి ఆధారం లేదు. కన్నీళ్ల వల్ల ఎవరి క్యాన్సరూ ముదరలేదు. మనసు బాగుంటే రోజులు తేలిగ్గా గడుస్తాయి, మందులు వదలకుండా వేసుకుంటారు, అది నిజం. కానీ తిరగబెడితే "నువ్వు ధైర్యంగా లేవు కాబట్టి" అనే నింద పేషెంట్ మీద పడకూడదు. ఏడ్చేవాళ్ల పక్కన ఊరికే కూర్చోండి, చాలు.


ఇంకా ఉన్నాను | బుధవారం, మధ్యాహ్నం 2:18

నాది నాలుగో దశ. ఎముకల్లోకి వెళ్లింది. మూడేళ్లుగా చికిత్సలో ఉన్నాను, ఇది అయిపోయే చికిత్స కాదు. ఇక్కడ "గెలిచాం", "దాటాం" అన్న మాటలు చదివినప్పుడు నేనేదో ఓడిపోయినట్టు ఉంటుంది. ఎవరూ కావాలని అనరు, తెలుసు. నేను ఉద్యోగం చేస్తున్నాను, మూడు నెలలకోసారి స్కాన్ చేయించుకుంటాను. స్కాన్‌కి ముందు వారం మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. మా చెల్లి మాత్రం ఆ వారం వచ్చి ఉంటుంది. జబ్బు గురించి ఒక్క మాట ఎత్తదు. ఇద్దరం పాత బీరువా సర్దుతాం. ఇప్పటికి ఆ బీరువా తొమ్మిదిసార్లు సర్దాం.


రెండో ఏడాది | బుధవారం, మధ్యాహ్నం 2:50

మీరు ఇక్కడ రాసినందుకు చాలా సంతోషం. పైన ప్రశ్నలో "దాటినవాళ్లు" అని పెట్టాను, మార్చే వీలు లేదు. మీరూ మాలో ఒకరే.


తోడున్నవాణ్ణి | బుధవారం, రాత్రి 2:36

నిద్ర పట్టక రాస్తున్నాను. నా భార్యకి హెర్2 పాజిటివ్, అంటే హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండే రకం క్యాన్సర్. కీమో, ఆపరేషన్, ఏడాది పాటు దానికిచ్చే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్. ఆ మందు గుండె మీద పడుతుందేమోనని మూడు నెలలకోసారి ఎకో స్కాన్. నాలుగు నెలల కింద చివరి ఇంజెక్షన్ అయింది. రిపోర్టులన్నీ బాగున్నాయి. ఆమె మళ్లీ పనికి వెళ్తోంది, నవ్వుతోంది. చుట్టాలందరూ "ఇంక హాయిగా ఉండండి" అంటున్నారు.

ఆమె బాగుంది. నేనే బాగా లేను. ఏడాదిన్నర పాటు మందుల టైములు, బిల్లులు, పిల్లల స్కూలు, ఆఫీసు అన్నీ చూశాను. అప్పుడు అలసట తెలియలేదు. ఇప్పుడు రోజూ రెండింటికి మెలకువ వస్తుంది. పక్కకి తిరిగి ఆమె ఊపిరి వింటాను. ఆమె చెయ్యి పైకెత్తితే గడ్డ ఏమైనా తగిలిందా అని చూస్తుంటాను. ఆమెకి చెప్పలేను, భయపడుతుంది. వేరేవాళ్లకి చెప్తే "జబ్బు నీకా, ఆమెకా" అంటారు. అలా అనే హక్కు వాళ్లకి ఉందేమో కూడా.


పెద్దకూతురు | గురువారం, ఉదయం 7:05

అన్నా, లేదు, ఆ హక్కు ఎవరికీ లేదు. అమ్మ చికిత్స అయిపోయిన రెండు నెలలకి నేను ఆఫీసు మెట్ల మీద కూర్చుని లేవలేకపోయాను. ఏమీ జరగలేదు ఆ రోజు. ఊరికే కాళ్లు ఆగిపోయాయి. కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను, ఆరు నెలలు.


వార్డులో ఇరవయ్యేళ్లు | గురువారం, ఉదయం 7:30

తోడున్నవాణ్ణి గారూ, ఇది చాలా ఇళ్లలో జరుగుతుంది, ఎక్కువగా చికిత్స అయిపోయాకే. అప్పటిదాకా వారం వారం ఆస్పత్రి, డాక్టరు, ఎవరో ఒకరు చూస్తున్నారన్న ధీమా. ఒక్కసారిగా "మూడు నెలల తర్వాత రండి" అంటారు. భయమంతా అప్పుడు బయటికొస్తుంది.

నిద్ర లేకపోవడం వారాలు దాటిందంటే డాక్టరుకి చూపించుకోండి. ఆమె ఆంకాలజిస్టు (క్యాన్సర్ డాక్టరు) దగ్గరికి వెళ్లినప్పుడే "నా సంగతి కూడా" అని చెప్పొచ్చు, ఎవరికి చూపించుకోవాలో వాళ్లు చెప్తారు. ఇంకో మాట, ఆమెకి చెప్పలేనంటున్నారు. ఆమెకి ఇప్పటికే తెలిసి ఉండొచ్చు. పక్కన ఒకరు రోజూ రెండింటికి మేలుకుంటుంటే తెలియకుండా ఉంటుందా?


రెండో ఏడాది | గురువారం, ఉదయం 8:12

నర్సు గారు చెప్పింది నిజమండి. టామాక్సిఫెన్ వేడి ఆవిర్లతో నేనూ రాత్రుళ్లు లేస్తాను. మా ఆయన కళ్లు మూసుకుని ఉంటారు కానీ నిద్రపోవడం లేదని ఊపిరిని బట్టి తెలిసిపోయేది. ఇద్దరం ఒకరి కోసం ఒకరం నటిస్తూ ఆరు నెలలు గడిపాం. చివరికి నేనే అడిగాను, "ఏం ఆలోచిస్తున్నారు?" అని. "డ్రెయిన్ అంకెలు" అన్నారు. కళ్లు మూస్తే అవే కనిపిస్తున్నాయట. ఆ రాత్రి తెల్లారేదాకా మాట్లాడుకున్నాం. నేను చనిపోతే పిల్లల సంగతి కూడా. అది ఇద్దరి మనసులోనూ ఉంది, ఇద్దరం దాచాం.

మీ పనుల్లో ఒక్కటి ఎవరికైనా అప్పజెప్పండి. "సాయం చెయ్యి" అనకండి, "గురువారం పిల్లల్ని స్కూలు నుంచి నువ్వు తీసుకురా" అనండి.


ఒంటరిగా నడిచాను | గురువారం, ఉదయం 9:00

అన్నయ్యా, మీరు ఆమె పక్కన ఉన్నారు. నేను ఆ పక్క ఖాళీగా చూశాను కాబట్టి చెప్తున్నాను, అది చిన్న విషయం కాదు. కానీ మీ పక్కనా ఒకరు ఉండాలి.


తోడున్నవాణ్ణి | ఆదివారం, సాయంత్రం 6:20

అందరికీ నమస్కారం. గురువారం రాత్రి కూడా రెండింటికి లేచాను. ఈసారి ఆమె లైటు వేసింది. "నాలుగు నెలలుగా చూస్తున్నాను, మీరు చెప్తారని ఆగాను" అంది. మీరు రాసినవి చూపించాను. అంతా చదివింది, ఒంటరిగా నడిచాను గారి దగ్గర ఆగి రెండోసారి చదివింది.

మంగళవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. పేషెంట్ పేరు దగ్గర నా పేరు రాయించింది తనే. ఫైలు కూడా తనే పట్టుకొస్తానంది. మా బావమరిది పోయిన ఏడాది నుంచి అడుగుతున్నాడు, నేనే వద్దంటున్నాను. నిన్న ఫోన్ చేసి గురువారాలు పిల్లల్ని తీసుకురమ్మన్నాను. "ఈ గురువారం నుంచేనా?" అన్నాడు. అవునన్నాను.